నగరపాలనకు రూపమిచ్చిన ప్రజానాయకుడు సర్ ఫిరోజ్‌షా మెహతా

(నవంబరు 5 సర్ ఫిరోజ్‌షా మెహతా వర్ధంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

భారతదేశంలో స్థానిక స్వపరిపాలన చరిత్రను ప్రస్తావించినపుడు ముందుగా స్మరించుకోవలసిన ప్రముఖులలో సర్ ఫిరోజ్‌షా మెహతా ఒకరు. జాతీయ కాంగ్రెస్ తొలితరం నాయకుడిగా, న్యాయవాదిగా, శాసనమండలి సభ్యుడిగా ఆయన దేశప్రజలకు సుపరిచితులు. అయితే ఆయన జీవితంలో అత్యధిక భాగం బొంబాయి నగరపాలక సంస్థ సేవకే అంకితమైంది. నగరాన్ని ఎవరు పాలించాలి, ఆ పాలకులు ఎవరికి జవాబుదారీగా ఉండాలి అనే ప్రశ్నలకు ఆయన 26 ఏళ్ల వయసులోనే ఒక స్పష్టమైన సమాధానం చెప్పారు. ఆ సమాధానం 1872, 1888 సంవత్సరాల చట్టాలలో చాలావరకు ప్రతిఫలించింది. ఆ చట్టాల ద్వారా రూపుదిద్దుకున్న వ్యవస్థ ఛాయలు హైదరాబాదు, విశాఖపట్నం, విజయవాడ నగరాల పాలక చట్టాలలో సైతం కనిపిస్తాయి.

బాల్యం, విద్యాభ్యాసం

ఫిరోజ్‌షా మెర్వాన్‌జీ మెహతా 1845 ఆగస్టు 4న బొంబాయిలో ఒక పార్సీ వర్తక కుటుంబంలో జన్మించారు. ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో విద్యనభ్యసించి 1864లో పట్టభద్రులయ్యారు. ఆయన ప్రతిభను గుర్తించిన కళాశాల ప్రిన్సిపాల్ సర్ అలెగ్జాండర్ గ్రాంట్, ఇంగ్లండులో న్యాయశాస్త్ర అధ్యయనానికి రుస్తుంజీ జంషెట్జీ జీజీభాయ్ ప్రకటించిన ఉపకార వేతనానికి ఆయనను సిఫారసు చేశారు. మెహతా లండన్‌లోని లింకన్స్ ఇన్‌లో చేరి 1868లో బారిస్టర్ పట్టా పొంది, అదే సంవత్సరం స్వదేశానికి తిరిగివచ్చారు. లండన్‌లో ఉన్న కాలంలో దాదాభాయ్ నౌరోజీతో ఏర్పడిన పరిచయం, బ్రిటిష్ ప్రజాస్వామ్య సంస్థల పనితీరును దగ్గరగా పరిశీలించే అవకాశం ఆయన భావాలకు పునాదులు వేశాయి.

ఆయన విదేశంలో ఉన్న కాలంలోనే బొంబాయి నగరం పెను ఆర్థిక సంక్షోభానికి లోనయింది. అమెరికా అంతర్యుద్ధం కారణంగా భారతీయ పత్తికి లభించిన అసాధారణ ధరలు, వాటిని ఆధారం చేసుకుని సాగిన వాటాల వ్యాపారం 1865లో యుద్ధం ముగియడంతో కుప్పకూలాయి. అనేక సంపన్న కుటుంబాలు దివాళా తీశాయి. మెహతాకు లభిస్తున్న ఉపకార వేతనం కూడా నిలిచిపోయింది. నగర జనాభా సైతం తగ్గింది. 1864లో 8.16 లక్షలుగా ఉన్న జనసంఖ్య 1872 జనాభా లెక్కల నాటికి 6.44 లక్షలుగా నమోదైంది. సంక్షోభానంతర నగరంలో పన్నుల భారం ఒక ప్రజాసమస్యగా పరిణమించడం సహజమే.

క్రాఫర్డ్ పాలన, పన్ను చెల్లింపుదారుల ఆందోళన

బొంబాయి నగరపాలన అప్పటికే పలు రూపాలు మారింది. 1858 నుంచి ముగ్గురు కమిషనర్లతో కూడిన బోర్డు నగర వ్యవహారాలను నిర్వహించేది. బాధ్యత ముగ్గురి మధ్య పంచబడటంతో నిర్ణయాలు ఆలస్యం కావడం, లోపాలకు ఎవరూ జవాబుదారీ కాకపోవడం ఆ పద్ధతిలోని లోపాలుగా బయటపడ్డాయి. దీనిని సవరిస్తూ 1865లో వచ్చిన రెండవ నంబరు చట్టం కార్యనిర్వాహక అధికారాన్ని ఒకే కమిషనర్‌కు అప్పగించింది. ప్రభుత్వం నియమించిన జస్టిస్ ఆఫ్ పీస్ హోదా గల ప్రముఖుల సముదాయాన్ని నగరపాలక సంస్థగా గుర్తించి, కమిషనర్‌పై ఆర్థిక పర్యవేక్షణ బాధ్యతను ఆ సముదాయానికి ఇచ్చింది.

ఈ చట్టం కింద నియమితుడైన కమిషనర్ ఆర్థర్ క్రాఫర్డ్ కార్యదక్షుడు. పారిశుద్ధ్యం, రహదారులు, మార్కెట్ల విషయంలో ఆయన కాలంలో నగరం గణనీయమైన ప్రగతి సాధించింది. ఆయన పేరుతో వెలసిన క్రాఫర్డ్ మార్కెట్ ఈనాటికీ ముంబయిలో నిలిచి ఉంది. అయితే ఖర్చు విషయంలో ఆయనకు పట్టింపు తక్కువ. అంచనాలకు మించిన వ్యయం, పెరిగిన పన్నులు కలిసి 1870-71 నాటికి నగరంలో తీవ్ర అసంతృప్తికి దారితీశాయి. పన్ను చెల్లింపుదారులు సభలు జరిపి కమిషనర్‌ను తొలగించాలని కోరారు. నౌరోజీ ఫర్దూంజీ వంటి అనుభవజ్ఞులు ఈ ఉద్యమానికి నాయకత్వం వహించారు. అధికారాన్ని ఏక వ్యక్తి చేతిలో ఉంచడమే అనర్థాలకు మూలమని, కార్యనిర్వహణను ఒక పట్టణ మండలికి అప్పగించాలని ఉద్యమకారులు వాదించారు.

1871 నాటి ప్రతిపాదన

సరిగా ఈ సమయంలోనే యువ న్యాయవాది మెహతా రంగప్రవేశం చేశారు. 1871 నవంబరులో ఫ్రామ్‌జీ కావస్‌జీ ఇన్‌స్టిట్యూట్ సభామందిరంలో ఈస్ట్ ఇండియా అసోసియేషన్ బొంబాయి శాఖ ఆధ్వర్యాన జరిగిన సమావేశంలో నగరపాలన సంస్కరణపై ఆయన ఒక సుదీర్ఘ పత్రం సమర్పించారు. సభికులలో అత్యధికులు క్రాఫర్డ్ వ్యతిరేకులు. వారు కోరుకున్న మాటలు ఆయన చెప్పలేదు. క్రాఫర్డ్ సాధించిన ప్రగతిని గుర్తించి, ఏక కార్యనిర్వాహకుడి పద్ధతిని సమర్థించారు. దీనితో సభలో నిరసన ధ్వనులు చెలరేగాయి. ప్రజాజీవితంలో అప్పుడే అడుగుపెట్టిన వ్యక్తి జనాదరణకు విరుద్ధమైన అభిప్రాయాన్ని బహిరంగంగా వెల్లడించడం సాహసమనే చెప్పాలి.

ఆయన వాదనలో రెండు భాగాలున్నాయి. మొదటిది కార్యనిర్వహణకు సంబంధించినది. ఒక మండలి సమష్టిగా రోజువారీ పనులు నిర్వహించబోతే బాధ్యత చెదిరిపోతుందని, తప్పు జరిగినపుడు ఎవరిని నిలదీయాలో ప్రజలకు తెలియదని ఆయన వివరించారు. 1858 నాటి ముగ్గురు కమిషనర్ల బోర్డు అనుభవం ఇందుకు నగరవాసుల కళ్లెదుటే ఉన్న నిదర్శనం. కనుక కార్యనిర్వాహక అధికారం ఒక్కరి చేతిలోనే ఉండాలన్నారు.

రెండవది పర్యవేక్షణకు సంబంధించినది. ఆయన దృష్టిలో అసలు లోపం ఇక్కడే ఉంది. జస్టిస్‌లను ప్రభుత్వమే నియమిస్తుంది. వారు నగరవాసులకు జవాబుదారీ కారు. కమిషనర్‌ను క్రమం తప్పకుండా ప్రశ్నించవలసిన అవసరం వారికి లేదు. పన్ను చెల్లించే ప్రజలు ఎన్నుకున్న ప్రతినిధుల మండలి ఏర్పడి, బడ్జెటును మంజూరు చేసే అధికారం, లెక్కలను తనిఖీ చేసే యంత్రాంగం ఆ మండలికి లభిస్తే, సమర్థుడైన కమిషనర్ నగరానికి ప్రయోజనకారి అవుతాడని ఆయన నిర్ధారించారు. అధికారిని బలహీనపరచడానికి బదులు ఆయనను ప్రశ్నించే మండలిని బలోపేతం చేయాలన్నది ఈ ప్రతిపాదన సారాంశం.

1872 చట్టం

అనతికాలంలోనే ప్రభుత్వం తీసుకువచ్చిన 1872 నాటి మూడవ నంబరు చట్టం ఈ ఆలోచనలకు చాలా దగ్గరగా ఉంది. 64 మంది సభ్యులతో కార్పొరేషన్ ఏర్పడింది. వీరిలో 32 మందిని పన్ను చెల్లింపుదారులు, 16 మందిని జస్టిస్‌లు ఎన్నుకుంటారు. మిగిలిన 16 మందిని ప్రభుత్వం నామినేట్ చేస్తుంది. ఆర్థిక వ్యవహారాల పరిశీలనకు 12 మందితో పట్టణ మండలి ఏర్పాటైంది. కార్యనిర్వాహక అధికారం ప్రభుత్వం నియమించే కమిషనర్ వద్దనే కొనసాగింది. సభ్యులలో సగం మంది పన్ను చెల్లింపుదారుల ఓటుతో రావడం ఆనాటి భారతదేశంలో ఒక ముఖ్యమైన ముందడుగు. ఓటు హక్కు నిర్ణీత మొత్తంలో పన్ను చెల్లించేవారికే పరిమితమైనందున నగర జనాభాలో అత్యల్ప భాగానికే ఆ అవకాశం దక్కిందన్న వాస్తవాన్ని కూడా ఇక్కడ గుర్తించాలి.

కొత్త కార్పొరేషన్‌లో మెహతా తొలినాళ్లలోనే సభ్యులై, 1915లో మరణించే వరకు దాదాపు నాలుగు దశాబ్దాలపాటు ఆ సంస్థతో మమేకమయ్యారు. 1884, 1885, 1905, 1911 సంవత్సరాలలో కార్పొరేషన్ అధ్యక్ష పదవిని అలంకరించారు. న్యాయవాద వృత్తిలో అగ్రస్థానంలో ఉండి కూడా కార్పొరేషన్ సమావేశాలకు సంపూర్ణంగా సిద్ధమై హాజరయ్యేవారు. కమిషనర్ అధికారాన్ని సిద్ధాంతరీత్యా సమర్థించిన మెహతాయే సభలో కమిషనర్లను అతి కఠినంగా ప్రశ్నించిన సభ్యుడు కావడం గమనార్హం. ఈ రెండింటి మధ్య ఆయనకు వైరుధ్యం కనిపించలేదు. పనిచేసే స్వేచ్ఛ పొందిన అధికారి ఆ పనికి లెక్క చెప్పాలన్నది ఆయన పాటించిన నియమం.

1888 చట్ట రూపకల్పనలో పాత్ర

1882 మే నెలలో వైస్రాయి లార్డ్ రిప్పన్ ప్రభుత్వం స్థానిక స్వపరిపాలనపై వెలువరించిన తీర్మానం దేశవ్యాప్తంగా నూతనోత్సాహాన్ని కలిగించింది. 1884 డిసెంబరులో బొంబాయి కార్పొరేషన్ నూతన భవనానికి రిప్పన్ శంకుస్థాపన చేసిన నాటికి మెహతా కార్పొరేషన్ అధ్యక్షులుగా ఉన్నారు. దశాబ్దం దాటిన 1872 చట్టాన్ని సమీక్షించి సమగ్రమైన కొత్త చట్టం తీసుకురావాలన్న ఆలోచన ఈ వాతావరణంలో బలపడింది.

1887లో బొంబాయి శాసనమండలి ముందుకు వచ్చిన బిల్లు ముసాయిదా మెహతాకు ఆందోళన కలిగించింది. కమిషనర్ అధికారాలను విస్తరించి, కార్పొరేషన్ స్థానాన్ని తగ్గించే ధోరణి అందులో ఉంది. 1871లో కమిషనర్ పదవిని కాపాడేందుకు ప్రజాగ్రహాన్ని ఎదుర్కొన్న మెహతా, ఈసారి కార్పొరేషన్ ఆధిక్యాన్ని కాపాడేందుకు ప్రభుత్వంతో తలపడవలసి వచ్చింది. గవర్నర్ లార్డ్ రే ఆయనను శాసనమండలికి నామినేట్ చేయడంతో ఆ పోరాటం మండలి లోపలే సాగింది. ప్రఖ్యాత న్యాయకోవిదులు కాశీనాథ్ త్ర్యంబక్ తెలంగ్ ఈ కృషిలో ఆయనకు తోడుగా నిలిచారు. ఒక్కొక్క నిబంధనను చర్చించి ముసాయిదాను వారు గణనీయంగా మార్పించగలిగారు.

ఫలితంగా వెలువడిన 1888 నాటి మూడవ నంబరు చట్టం నగరపాలన బాధ్యతను మూడు అధికార సంస్థలకు అప్పగించింది. అవి కార్పొరేషన్, స్థాయీ సంఘం, మునిసిపల్ కమిషనర్. కార్పొరేషన్ సభ్యుల సంఖ్య 72కు పెరిగింది. వీరిలో 36 మంది వార్డుల నుంచి, 16 మంది జస్టిస్‌ల నుంచి, ఇద్దరు విశ్వవిద్యాలయ ఫెలోల నుంచి, ఇద్దరు వాణిజ్య మండలి నుంచి ఎన్నికయ్యేవారు. ప్రభుత్వ నామినేటెడ్ సభ్యులు 16 మంది. పట్టణ మండలి స్థానంలో 12 మంది స్థాయీ సంఘం ఏర్పడింది. వీరిలో 8 మందిని కార్పొరేషన్, నలుగురిని ప్రభుత్వం నియమించేవి. కమిషనర్ పదవీకాలం మూడేళ్లకు మించకుండా నిర్ణయమైంది. ప్రత్యేక మెజారిటీతో కార్పొరేషన్ కోరితే ఆయనను తొలగించక తప్పని నిబంధన కూడా చట్టంలో చోటు చేసుకుంది. ప్రాథమిక విద్యకు పాఠశాలల నిర్వహణ, నీటి సరఫరా, పారిశుద్ధ్యం వంటివి కార్పొరేషన్ విధిగా నిర్వర్తించవలసిన బాధ్యతలయ్యాయి. 1892లో తాన్సా జలాశయం నుంచి నగరానికి నీరు అందడం, 1893లో కార్పొరేషన్ నూతన భవనం పూర్తికావడం ఈ చట్టం అమలులోకి వచ్చిన తొలి సంవత్సరాల విశేషాలు.

అదే కాలంలో కలకత్తా నగర పరిస్థితి ఇందుకు భిన్నంగా పరిణమించింది. 1899లో వచ్చిన చట్టం కలకత్తా కార్పొరేషన్‌లో ఎన్నికైన సభ్యుల సంఖ్యను కుదించింది. దీనికి నిరసనగా సురేంద్రనాథ్ బెనర్జీ సహా 28 మంది సభ్యులు రాజీనామా చేశారు. ప్రజాప్రతినిధుల స్థానం చట్టంలో సుస్థిరంగా లేనిచోట ప్రభుత్వం ఒక్క సవరణతో దానిని తగ్గించగలదని ఈ ఉదంతం నిరూపించింది. బొంబాయిలో 1888 నాటి ఏర్పాటు నిలదొక్కుకోవడానికి మెహతా, తెలంగ్‌ల ముందుచూపు ఎంతగా తోడ్పడిందో దీనినిబట్టి గ్రహించవచ్చు.

జాతీయ రంగంలో సేవలు

నగరపాలన రంగంలోని కృషితో పాటు జాతీయ వ్యవహారాలలోనూ మెహతా ప్రముఖ పాత్ర వహించారు. 1885లో తెలంగ్, బద్రుద్దీన్ త్యాబ్జీలతో కలిసి బొంబాయి ప్రెసిడెన్సీ అసోసియేషన్‌ను నెలకొల్పారు. 1890 కలకత్తా కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షత వహించారు. కేంద్ర శాసనమండలిలో ప్రభుత్వ వ్యయాన్ని నిర్భయంగా విమర్శించారు. 1901లో రైతుల భూమి హక్కులకు సంబంధించిన బిల్లుపై నిరసనగా బొంబాయి శాసనమండలి నుంచి సహచరులతో నిష్క్రమించారు. 1911లో స్థాపితమైన సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియాకు తొలి ఛైర్మన్‌గా వ్యవహరించారు. 1913లో బాంబే క్రానికల్ దినపత్రికను ప్రారంభించారు. 1904లో ఆయనకు సర్ బిరుదు లభించింది.

1907 ఎన్నిక

బిరుదులు ఇచ్చిన ప్రభుత్వ వర్గాలలోనే ఆయన పలుకుబడి కొందరికి కంటగింపు అయింది. 1907 కార్పొరేషన్ ఎన్నికలలో ఆయనను, ఆయన అనుచరులను ఓడించేందుకు అకౌంటెంట్ జనరల్ హారిసన్ తదితర ఐరోపా ప్రముఖులు ఒక కూటమిగా ఏర్పడ్డారు. జస్టిస్‌లు ఎన్నుకోవలసిన 16 స్థానాలకు జరిగిన పోలింగులో మెహతా 17వ స్థానంలో నిలిచారు. అయితే ఎన్నికైన వారిలో ఒకరి ఎన్నిక చెల్లదని తేలడంతో ఆయన సభ్యత్వం నిలిచింది. నగర పౌరులు బహిరంగ సభలో ఆయనపట్ల తమ విశ్వాసాన్ని చాటారు. పౌరుల ఓటు వెలుపల ప్రత్యేక వర్గాలకు కేటాయించిన స్థానాలు ఎంత సులభంగా ప్రభావానికి లోనవుతాయో ఈ సంఘటన వెల్లడించింది. తాను రూపుదిద్దిన చట్టంలోని పరిమితిని ఈ విధంగా మెహతా స్వయంగా చవిచూశారు.

1915లో బొంబాయి విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులుగా నియమితులైన మెహతా అదే సంవత్సరం నవంబరు 5న తుదిశ్వాస విడిచారు. 1923లో కార్పొరేషన్ భవనం ఎదుట ఆయన కాంస్య విగ్రహం నెలకొల్పారు.

తెలుగు ప్రాంతాలపై ప్రభావం

ఓటు హక్కు, ప్రాతినిధ్యం విషయంలో 1888 చట్టం అనేక సవరణలకు లోనైంది. 1931లో కార్పొరేషన్ అధ్యక్షుడికి మేయర్ హోదా లభించింది. 1948లో వయోజన ఓటు హక్కు ప్రాతిపదికపై ఎన్నికలు జరిగాయి. తెలంగాణ జిల్లాల నుంచి బొంబాయి వెళ్లి నిర్మాణ పనులలో జీవించిన కామాఠీ శ్రామికుల వంటి పేద వర్గాలకు నగరపాలనలో ఓటు ద్వారా స్థానం దక్కింది ఈ మార్పుతోనే. మూడు అధికార సంస్థల మౌలిక నిర్మాణం మాత్రం చెక్కుచెదరలేదు.

తెలుగు జిల్లాలకు రాజధానిగా ఉన్న మద్రాసులో 1919 చట్టం కార్పొరేషన్ అధ్యక్షుడిని, కార్యనిర్వాహక కమిషనర్‌ను వేరుచేసింది. ఆ చట్టం కింద ఎన్నికైన తొలి అధ్యక్షుడు తెలుగువారైన పిట్టి త్యాగరాయ చెట్టి. హైదరాబాదులో సాలార్‌జంగ్ కాలంలో 1869లో ప్రారంభమైన మునిసిపల్ పాలన అనేక దశలు దాటి 1955 నాటి హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషన్ల చట్టంతో ప్రస్తుత రూపానికి చేరువైంది. కార్పొరేషన్, స్థాయీ సంఘం, కమిషనర్ అనే త్రివిధ ఏర్పాటు ఈ చట్టంలోనూ ఉంది. 1979లో విశాఖపట్నం, 1981లో విజయవాడ కార్పొరేషన్ల కోసం చేసిన చట్టాలు 1955 చట్టంలోని నిబంధనలనే ఆధారం చేసుకున్నాయి.

పాలనా రూపం ఎంపికపై చర్చ మాత్రం ముగియలేదు. 1980 నాటి చట్టం ద్వారా కలకత్తా నగరం మేయర్‌తో కూడిన మంత్రివర్గం తరహా పద్ధతిని స్వీకరించింది. ముంబయి 1998లో అదే పద్ధతిని ప్రవేశపెట్టి, మరుసటి సంవత్సరమే కమిషనర్ పద్ధతికి తిరిగివచ్చింది. హైదరాబాదు ఓటర్లు 2002లో మేయర్‌ను నేరుగా ఎన్నుకోగా, మహానగరపాలక సంస్థ ఏర్పడిన తర్వాత 2009లో కార్పొరేటర్లు పరోక్ష పద్ధతిలో ఎన్నుకున్నారు. 1993లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ ఎన్నికైన పాలకమండళ్లకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించింది. కార్యనిర్వాహక అధికారం మేయర్‌కు ఇవ్వాలా, కమిషనర్‌కు ఇవ్వాలా అనే నిర్ణయాన్ని మాత్రం రాష్ట్రాల శాసనసభలకే విడిచిపెట్టింది.

ఈ చర్చలో మెహతా జీవితం అందించే అనుభవం విలువైనది. ఆయన సమర్థించిన కమిషనర్ వ్యవస్థకు ఎన్నికైన మండలి నిరంతర పర్యవేక్షణ ప్రాణప్రదమైన షరతు. ఆ మండలి లేనిచోట కమిషనర్ యంత్రాంగం యథావిధిగా నడవగలదు. 2007లో ఏర్పడిన హైదరాబాదు మహానగరపాలక సంస్థ 2009 ఎన్నికల వరకు ప్రత్యేకాధికారి పాలనలో ఉంది. 2022 మార్చిలో పాలకమండలి గడువు ముగిసిన తర్వాత ముంబయి కార్పొరేషన్ కూడా సుదీర్ఘకాలం పాలనాధికారి చేతిలో నడిచింది. రోడ్లు వేయడం, నీరు అందించడం వంటి పనులు అటువంటి కాలంలోనూ సాగుతాయి. ఆ పనులకు పన్ను చెల్లింపుదారుల తరఫున లెక్క అడిగే వేదిక మాత్రం ఉండదు. 1871లో బొంబాయి ఎదుర్కొన్న లోపం ఇదే.

నగరపాలక చట్టాలను సమీక్షించే సందర్భాలలో అధికారాన్ని ఎవరికి అప్పగించాలన్న అంశంపైనే చర్చ కేంద్రీకృతం కావడం పరిపాటి. ఆ అధికారానికి లెక్క ఎవరు అడగాలి, ఏ సమాచారంతో అడగాలి, సమాధానం సంతృప్తికరంగా లేనపుడు ఏమి చేయాలి అనే అంశాలను సైతం అదే శ్రద్ధతో పరిశీలించాలని మెహతా ఆచరణలో చూపించారు. పాలనాధికారులు, ప్రజాప్రతినిధులు, పత్రికా రచయితలు ఆయన కృషిని అధ్యయనం చేయడం ఎంతైనా ప్రయోజనకరం. ఆయన వర్ధంతి సందర్భంగా ఈ సేవలను స్మరించుకోవడం సముచితం.